'మిస్సమ్మ' : హాస్యానుసరణమున అభిజ్ఞానము

మా స్నాతకోత్తర తరగతిలో 'అనుసరణము' అను పాఠ్యాంశమును బోధించు సందర్భమున నొకనాడు 'మిస్సమ్మ' చిత్రమును విద్యార్థులకు ప్రదర్శించితిమి. చిత్రము ముగిసినంతనే అందరును నవ్వుచు లేచిరి. ఒంగోలు ప్రాంతమునుండి వచ్చిన యొక విద్యార్థిని మాత్రము కూర్చుండియే యొక ప్రశ్న వేసెను: "సార్, మేరీ నిజంగా పాల్ గారి కూతురే అయ్యుంటే ఈ పెళ్లి జరిగేదా?" తరగతిలో నవ్వు ఆగిపోయినది. ఆమె క్రైస్తవ కుటుంబమునకు చెందినదని అచ్చట నున్నవారందరికిని తెలియును. "అది హాస్యచిత్రము గదా, హాస్యమునకు శుభాంతము ఆవశ్యకము" అని మేము ఆనాడు సమాధానము చెప్పితిమి. ఆ సమాధానము ఆమెకు గాని మాకు గాని తృప్తి నీయలేదు. దానిని సరిదిద్దుకొనుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మా ప్రతిపాదన మొదటనే సంగ్రహముగ జెప్పుదుము. ఒక భాషలోని గ్రంథము మఱియొక భాషలో, మఱియొక కళారూపమున హాస్యచిత్రముగ మాఱునపుడు, అనుసరించువాడు దేనిని చేర్చెను, దేనిని విడిచెను, దేనిని తారుమాఱు చేసెను అను విచారణవలన ఆ కాలపు సమాజము దేనిని చూచి నవ్వగలిగినదో, దేనిని చూచి నవ్వలేకపోయినదో తెలియును. 'మిస్సమ్మ'లో అట్టి గుర్తు కథాంతమున నున్నది. కావున మన విచారణము ఆ ముగింపు చుట్టును తిరుగును.

1. హాస్యానుసరణమున మతభేదము : ఒక ఆంగ్ల నిదర్శనము

ముందుగా పరదేశపు దృష్టాంతము నొకదానిని గ్రహింతము. రెండవ ప్రపంచయుద్ధానంతరము లండనులోని ఈలింగ్ స్టూడియో వారు నిర్మించిన హాస్యచిత్రములు లోకప్రసిద్ధములు. వానిలో 1949లో వెలువడిన 'విస్కీ గలోర్' యొకటి. దీనికి మూలము కాంప్టన్ మెకంజీ 1947లో ప్రకటించిన అదే పేరుగల నవల. 1941లో స్కాట్లండు పశ్చిమ ద్వీపములలో ఎరిస్కే సమీపమున 'పొలిటీషియన్' అను నౌక విస్కీ పెట్టెలతో చిక్కువడిపోయెను. ద్వీపవాసులు ఆ సరకును ఇండ్లకు చేరవేసికొనిరి. ఆ యథార్థ వృత్తాంతమే నవలకు బీజము. చిత్రమునకు దర్శకుడు అలెగ్జాండర్ మెకండ్రిక్. అతనికి అదియే తొలి చిత్రము.

నవలలో రెండు ద్వీపములు గలవు. పెద్ద ద్వీపమున ప్రొటెస్టెంటులు, చిన్న ద్వీపమున కతోలికులు నివసింతురు. ఆంగ్లేయుడైన సార్జెంటు ఆడ్ చిన్న ద్వీపపు పెగ్గీని పెండ్లాడవలెనన్న కతోలిక మతమును స్వీకరింపవలసి యుండును. ఆ మతభేదము నవలలోని హాస్యమునకు ముఖ్యమైన యాధారము. చిత్రమున ద్వీపములు రెండును ఒకటియైనవి. మతభేదము లేదు, మతస్వీకారమును లేదు. పెండ్లి మాత్రము మిగిలినది. అనగా నవలలో నవ్వుకు కారణమైన విషయము తెరమీదికి వచ్చుసరికి విడిచిపెట్టబడినది.

అదే సంవత్సరమున అదే స్టూడియోనుండి వెలువడిన 'కైండ్ హార్ట్స్ అండ్ కారొనెట్స్' చిత్రమునకు రాయ్ హార్నిమన్ 1907లో వ్రాసిన 'ఇజ్రాయెల్ ర్యాంక్' నవల మూలము. నవలలోని కథానాయకుని తండ్రి యూదుడు. చిత్రమున ఆ తండ్రి ఇటలీ దేశపు గాయకుడుగ మాఱెను. యూదులపై జరిగిన దారుణము లోకమునకు తెలిసి నాలుగేండ్లైనను గాని ఆ కాలమున, హంతకుడైన కథానాయకుని యూదవంశజునిగ జూపి నవ్వించుట తగదని నిర్మాతలకు తోచుట సహజము. ఇచట విడుచుట గాక మార్చుట జరిగినది.

ఈ రెండు దృష్టాంతములవలన నొక సూత్రము మనకు లభించును. హాస్యానుసరణము జాతిమతభేదముల నెదుర్కొనునపుడు విడుచుట, మార్చుట అను రెండు మార్గములు దానికి గలవు. 'మిస్సమ్మ' ఈ రెండింటిని గాక మూడవ మార్గమును త్రొక్కినది. అది మతభేదమును విడువలేదు. దానినే కథకు కేంద్రముగ నిలిపి, చివరకు 'అది అసలే లేదు' అని తేల్చినది.

2. చక్రపాణియు వంగమూలమును

తెలుగున హాస్యగ్రంథమును తెరకెక్కించుట 'మిస్సమ్మ'తో మొదలు కాలేదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టరు పార్వతీశము' నవల 1940లోనే చలనచిత్రమైనది. గురజాడవారి 'కన్యాశుల్కము' నాటకము 'మిస్సమ్మ' వచ్చిన 1955లోనే చిత్రముగ వెలువడెను. కాని పరభాషామూలమును తెచ్చి, అది పరభాషదని సామాన్య ప్రేక్షకునకు తోచనీయక తెలుగింటి కథగ మలచిన హాస్యచిత్రములలో 'మిస్సమ్మ'ది అగ్రస్థానమని మా యభిప్రాయము.

ఆ మలచుట చక్రపాణి చేతిపని. ఆయన అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908లో తెనాలి చెంతనున్న ఐతానగరమున జన్మించెను. క్షయవ్యాధి సోకి మదనపల్లె ఆరోగ్యవరమున చికిత్స పొందుచున్న కాలమున వంగభాష నభ్యసించెను. శరత్చంద్ర చట్టోపాధ్యాయుని నవలలను తెలుగుచేసి మన పాఠకులకు శరత్తును ఇంటివానిని చేసిన వారిలో ఆయన ముఖ్యుడు. 1947 జూలైలో నాగిరెడ్డితో గలసి 'చందమామ' పత్రికను స్థాపించెను. ఆ యిరువురి విజయా సంస్థనుండి 'షావుకారు' 1950లోను, 'పాతాళభైరవి' 1951లోను, 'పెళ్లిచేసి చూడు' 1952లోను, 'చంద్రహారము' 1954లోను వెలువడినవి. 'చంద్రహారము' మిక్కిలి వ్యయముతో నిర్మింపబడి ఆదరణ పొందలేదు. ఆ తరువాతి చిత్రమే 1955 జనవరి 12న, సంక్రాంతి ముంగిట విడుదలైన 'మిస్సమ్మ'. దర్శకుడు ఎల్. వి. ప్రసాదు.

మూలము రవీంద్రనాథ మైత్ర రచించిన 'మన్మయీ గర్ల్స్ స్కూల్' అను వంగ హాస్యనాటకము. అది 1935లో జ్యోతిష్ బంద్యోపాధ్యాయుని దర్శకత్వమున వంగభాషాచిత్రముగ వచ్చెను. ఉద్యోగార్థము భార్యాభర్తలమని చెప్పుకొను నొక యువకుడును, నొక క్రైస్తవ యువతియు, వారికి ఆశ్రయమిచ్చిన జమీందారు దంపతులును, ఆ బడియు మూలమునుండి వచ్చినవే. చిత్రమున అపరాధపరిశోధకునివలె సంచరించు రాజు పాత్రకు శరదిందు బంద్యోపాధ్యాయుని 'డిటెక్టివ్' కథ తోడ్పడినదని చెప్పుదురు. తప్పిపోయిన బిడ్డను వెదకు పని ఈ రాజు పాత్రకే అప్పగింపబడినది. అందుచేత పరిశోధకుడు కథలో హాస్యము కొఱకు మాత్రమే లేడు. ముగింపుయొక్క తాళపుచెవి యతని చేతిలోనున్నది.

3. కథాసంగ్రహము

అప్పాపురము జమీందారు గోపాలము. ఆయన పెద్దకూతురు మహాలక్ష్మి చిన్ననాటనే తప్పిపోయినది. ఆ బిడ్డ పేర ఆయన యొక బడిని నడపుచున్నాడు. ఆ బడికి పట్టభద్రులైన దంపతులు ఉపాధ్యాయులుగ కావలెనని ప్రకటన వెలువడినది. నిరుద్యోగియైన ఎం. టి. రావు, పెంపుడు తండ్రి చేసిన యప్పు తీర్చవలసిన యగత్యముగల మేరీ, ఈ యిరువురును దంపతులమని చెప్పి అప్పాపురము చేరుదురు. అప్పుల వాడైన డేవిడు మేరీని పెండ్లాడ గోరుచుండుట ఆమె తొందరకు మఱియొక కారణము. ఎం. టి. అను అక్షరములను ఆంగ్లమున కలిపి పలికిన 'శూన్యము' అను నర్థము స్ఫురించుట గమనింపదగినది. జేబు ఖాళీయైన యువకునకు ఆ పేరు సార్థకము.

జమీందారు దంపతులు మేరీని కన్నబిడ్డవలె చూచుకొందురు. బొట్టు, పూజ, నోము మొదలగు వానిలో ఆమె చిక్కుపడును. రావు చిన్నకూతురు సీతకు సంగీతము నేర్పుచుండ మేరీకి అసూయ గలుగును. గోపాలము మేనల్లుడు రాజు పరిశోధన సాగించి, తప్పిపోయిన మహాలక్ష్మియే ఈ మేరీ యని తేల్చును. పాలు పెంపుడు తండ్రియని బయటపడును. రావునకు మేరీతోను, రాజునకు సీతతోను వివాహము కుదురుటతో కథ ముగియును.

రావుగ ఎన్. టి. రామారావు, మేరీగ సావిత్రి, రాజుగ అక్కినేని నాగేశ్వరరావు, సీతగ జమున, జమీందారు దంపతులుగ ఎస్. వి. రంగారావు, ఋష్యేంద్రమణి నటించిరి. 'దేవదాసు' విషాదపాత్రతో 1953లో కీర్తి గడించిన నాగేశ్వరరావు ఆ ముద్రనుండి బయటపడుటకై ఈ హాస్యపాత్రను గ్రహించెను. మేరీ పాత్రకు మొదట ఎన్నుకొనబడినవారు ఒంగోలు సమీపమున దొడ్డవరమున జన్మించిన భానుమతి. చిత్రీకరణ కొంత జరిగిన పిదప నిర్మాతలతో పొసగక ఆమె తప్పుకొనగా, సీత పాత్రకు ఎన్నుకొనబడియున్న సావిత్రికి మేరీ పాత్ర దక్కెను. సావిత్రి గుంటూరు మండలమున చిఱ్ఱావూరు ఆడపడుచు. సీతగ వచ్చిన జమున దుగ్గిరాలలో పెరిగినది. ఈ విధముగ వంగదేశపు కథ తెనాలి రచయిత చేతిలో మన మైదానపు నుడికారమును సంతరించుకొని, మన మైదానపు బిడ్డల నోట పలికినది.

4. 'మిస్సమ్మ' యను మాట

చిత్రనామమునే పరిశీలింతము. మూలమున బడి పేరు గ్రంథనామమైనది. చక్రపాణి ఆ పేరును విడిచి స్త్రీని సంబోధించు మాటను గ్రహించెను. ఆంగ్లపు 'మిస్' పదమునకు తెలుగు 'అమ్మ' చేరగా ఏర్పడిన ఈ మాటను నిఘంటుకారులు గాని కవులు గాని సృష్టింపలేదు. దానిని పుట్టించినవి మిషను ఆవరణలు.

గుంటూరునకు లూథరన్ మిషనరీ హైయర్ 1842లో వచ్చెను. డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో ఇచటికి వచ్చి స్త్రీల వైద్యమునకు జీవితమంకితము చేసెను. ఆమె స్థాపించిన ఆసుపత్రి 1898లో తెఱువబడినది. ఒంగోలున అమెరికన్ బాప్టిస్టు మిషనును విస్తరింపజేసిన క్లౌ దొర, 1876–78 నాటి కఱవులో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకమున కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. ఈ మిషనుల బడులలో, ఆసుపత్రులలో పనిచేయు అవివాహితలైన దొరసానులను ప్రజలు 'మిస్సమ్మ'లని పిలిచిరి. తరువాత అదే వరుసలో చదువుకొని ఉపాధ్యాయినులైన తెలుగు క్రైస్తవ యువతులకును ఆ పిలుపు సంక్రమించినది. అందు గౌరవము కలదు. 'ఈమె మనలోని మనిషి కాదు' అను నెడమును గలదు.

ప్రత్తిచేలనుండి, మిరపకళ్లములనుండి సంక్రాంతి పండుగకు పట్నము వచ్చి ఈ చిత్రమును చూచిన గుంటూరు రైతునకు మేరీ యొక వింత కల్పన గాదు. ఆమె వంటి పంతులమ్మను అతడు తన యూరిబడిలోనో, పొరుగూరి బడిలోనో చూచియే యుండును. అప్పాపురమను పేరుగల ఊళ్లు సయితము ఈ మైదానమున గలవు. కాని ఒక్క భేదము. అతడు చూచిన మిస్సమ్మకు ఊరి చివర నొక పేట, ఆ పేటలో చుట్టములు, ఆ చుట్టములకు ఒక కులము నుండును. తెరమీది మిస్సమ్మకు అవి యేవియు లేవు. ఆమె పట్టణమున పెరిగిన పట్టభద్రురాలు. ఆమెకు మతమున్నది, కులము మాత్రము కనబడదు. చిత్రము మతభేదమును నిలుపుకొన్నదని పైన జెప్పితిమి. దాని వెనుకనున్న కులభేదమును మాత్రము ఈలింగ్ వారివలెనే మౌనముగ విడిచినది. ఈ రెండును వేఱువేఱుగ గుర్తింపదగిన విషయములు.

5. అభిజ్ఞానపు ప్రాచీనత

తప్పిపోయిన బిడ్డ దొరకుట, దానివలన వివాహమునకు అడ్డు తొలగుట అను కథాకల్పన మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తునకు పూర్వము 166లో ప్రదర్శింపబడిన టెరెన్స్ కవి 'ఆండ్రియా' అను లాటిను నాటకమున పాంఫిలస్ గ్లిసీరియమ్ అను యువతిని ప్రేమించును. ఆమె పరదేశి యనుకొనుటచే ఆ వివాహము పొసగదు. చివరకామె ఏథెన్సు పౌరుడైన క్రెమీజునకు చిన్ననాడు దూరమైన కూతురని తేలును. ఆమె అసలు పేరు వేఱు. క్రెమీజుయొక్క రెండవ కూతురిని మఱియొక యువకుడు పెండ్లాడును. తప్పిపోయిన బిడ్డకు రెండు పేర్లు, అక్కచెల్లెండ్రకు రెండు పెండ్లిండ్లు! రెండువేల యేండ్ల యెడము గల ఈ రెండు కథల పోలిక విస్మయావహము. ఒకదానినుండి యొకటి వచ్చెనని మేము చెప్పుట లేదు. ఒకే చిక్కు ఎదురైనచోట హాస్యము ఒకే త్రోవ వెదకుకొన్నదని మాత్రమే మా తాత్పర్యము.

మన యింటిలోనే ఇంతకంటె సన్నిహితమైన యుదాహరణము గలదు. 'అభిజ్ఞానశాకుంతలము' ననగానే ఉంగరము స్మరణకు వచ్చును. కాని మొదటి యంకముననే మఱియొక అభిజ్ఞానము జరుగుచున్నది. శకుంతల కణ్వమహర్షి కూతురైనచో క్షత్రియుడైన దుష్యంతునకు వివాహయోగ్యురాలు గాదేమో యను శంక రాజును బాధించును. ఆమె విశ్వామిత్ర మేనకల సంతానమని, కణ్వుడు పెంచినవాడు మాత్రమేనని చెలికత్తెలవలన తెలిసినంతనే అతని మనస్సు కుదుటపడును. పెంపుడు తండ్రి, తెలియని జన్మము, ఆ జన్మము బయటపడుటచే తొలగిన అడ్డు, ఈ మూడును 'మిస్సమ్మ'లో నున్నవి. పాలు ఈ కథలోని కణ్వుడు. అయితే కణ్వునకు నాలుగవ యంకమున్నది. పెంచిన బిడ్డను సాగనంపు ఆ తండ్రి కన్నీరు లోకమునకంతకును తెలియును. పాలునకు అట్టి యంకము లేదు. కూతురిని ఇన్నేండ్లు పెంచి, చదివించిన ఆ ఇంటి దుఃఖము గుఱించి చిత్రము నిలిచి చూడదు. విద్యార్థిని అడిగిన ప్రశ్నకు బీజము బహుశః ఇచటనే యున్నదని మాకు తరువాత తోచెను.

6. చట్టము తెఱచిన ద్వారము

ఏథెన్సున అభిజ్ఞానము ఏల ఆవశ్యకమైనది? అచట నాల్గవ శతాబ్దమున పౌరుడు పరదేశి స్త్రీని ధర్మపత్నిగ స్వీకరించుటకు చట్టము ఒప్పదు. కావున నాయిక పౌరుని కూతురని తేలనిదే నాటకము సుఖాంతము కాదు. అచట అడ్డు శాసనముది.

'మిస్సమ్మ' నాటి మన శాసనమేమి? 1872 నాటి ప్రత్యేక వివాహచట్టము ప్రకారము హిందువు, క్రైస్తవురాలు ఆ చట్టము క్రింద పెండ్లాడవలెనన్న తాము ఆయా మతములకు చెందినవారము గామని ఇరువురును ప్రకటింపవలసి యుండెను. క్రైస్తవ వివాహచట్టము క్రింద నట్టి పెండ్లికి వీలున్నను అది ఒక పక్షపు మతమునకు సంబంధించిన శాసనము. ఎవరి మతమున వారుండి పెండ్లాడుటకు వీలు గల్పించిన ప్రత్యేక వివాహచట్టము 1954లో శాసనసభామోదము పొంది, 1955 జనవరి 1న అమలులోనికి వచ్చెను. 'మిస్సమ్మ' విడుదలైనది జనవరి 12న.

ఈ పదునొకండు దినముల యెడమును చక్రపాణి తలచి యుండెనని మేము చెప్పజాలము. చిత్రకథ అంతకుముందే సిద్ధమైనది గదా. కాని చరిత్ర దృష్టితో చూచువారికి ఇది ముఖ్యము. రావు రావుగను, మేరీ మేరీగను ఉండి రిజిస్ట్రారు నెదుట సంతకములు చేయుటకు తలుపు తెఱువబడిన మాసముననే, తెలుగు హాస్యచిత్రము ఆ తలుపును వాడుకొనక పెరటిదారిని పోయినది. ఏథెన్సున అభిజ్ఞానమును కోరినది చట్టము. ఇచట దానిని కోరినది చట్టము గాదు, ప్రేక్షకుని మనస్సు. అడ్డు శాసనమునుండి సమాజమునకు మాఱినను హాస్యము పాత మంత్రమునే వేసినది.

అదే కథ తమిళమున 'మిస్సియమ్మ'గ 1955 జనవరి 14న, హిందీలో 'మిస్ మేరీ'గ 1957లో వచ్చెను. నటులు మాఱిరి, పాటలు మాఱినవి, ముగింపు మాఱలేదు. కావున ఈ సంకోచము మన యొక్కరిదే యనుకొనుటయు పొరపాటు.

7. చిత్రము సాధించినదేమి?

ఇంతవరకు చెప్పినదానివలన మేము 'మిస్సమ్మ'ను నిందించుచున్నట్లు తోచవచ్చును. అది మా యుద్దేశము గాదు. ముగింపు నొకప్రక్క నుంచి తక్కిన చిత్రమును పరిశీలించిన మఱియొక సత్యము కనబడును.

మొదటిది. చిత్రమున మేరీ మతము నవ్వులపాలు గాలేదు. నవ్వు రావు జేబుమీద, రాజు పరిశోధనమీద, డేవిడు ఆశమీద, రేలంగి ధరించిన దేవయ్య బ్రతుకుతెరువుమీద ప్రసరించును. మేరీ కోపముమీదను ప్రసరించును. ఆమె ప్రార్థనమీద మాత్రము ప్రసరింపదు. మేరీమాతను వేడుకొను పాటను పింగళి నాగేంద్రరావు భక్తిగీతముగనే వ్రాసెను; సాలూరు రాజేశ్వరరావు భక్తిగీతముగనే కూర్చెను; పి. లీల అట్లే పాడెను. అదే చిత్రమున కృష్ణకీర్తనము నెట్లు వినిపించిరో దీనిని నట్లే వినిపించిరి. క్రైస్తవ పాత్రను హాస్యమునకు వాడుకొనుచు ఆమె విశ్వాసమును హాస్యమునకు వెలుపల నుంచుట ఆ కాలపు రచనలో చిన్న సంస్కారము గాదు.

రెండవది. హిందూ గృహాచారములు మేరీ కన్నులతో చూపబడినవి. బొట్టు పెట్టుకొనుటకు ఆమె పడు ఇబ్బంది, అయ్యవారి దీవెనలకు ఆమె పడు చిరాకు మనల నవ్వించునపుడు, మనము మన యాచారములనే వెలుపలివారి దృష్టితో చూచి నవ్వుచున్నాము. ఈ దృక్కోణమును నిలుపుటయే సావిత్రి యభినయము సాధించిన విజయము. ఆమె మేరీని జాలిపడదగిన దానినిగ గాక, వాదింపదగిన మనిషినిగ చూపెను.

మూడవది. ప్రేక్షకుడు చిత్రములో నధికభాగము ఈ హిందూ యువకుడును, ఈ క్రైస్తవ యువతియు ఒకటి కావలెనని కోరుకొనును. మేరీ మహాలక్ష్మి యని ముందే అతడు ఊహింపగలడన్న మాట నిజమే. ఆ యూహయే అతనికి అభయము. అయినను ఆ కోరిక పుట్టినది, ఆ రెండున్నర గంటలు మనస్సున నిలిచినది. తెలిసి కోరుకొన్నను కోరుకొనుట కోరుకొనుటయే.

తులనకు 'మాలపిల్ల'ను స్మరింతము. గూడవల్లి రామబ్రహ్మము 1938లో, చలము కథను గ్రహించి, బ్రాహ్మణ యువకుడు మాలపిల్లను ప్రేమించుటను ఏ మఱుగును లేకుండ చూపెను. అచట నాయిక ఏ జమీందారు బిడ్డయని తేలదు. పదునేడేండ్ల ముందు సాధ్యమైనది 1955లో ఏల సాధ్యము గాలేదు? 'మాలపిల్ల' ఉద్యమకాలపు చిత్రము. సమస్యను ఎదుటబెట్టి ప్రేక్షకుని వాదమునకు పిలిచినది. 'మిస్సమ్మ' పండుగనాటి చిత్రము. ఇంటిల్లిపాదిని ఒక్క బెంచీమీద కూర్చుండబెట్టి నవ్వింపదలచినది. వాదమునకు వచ్చినవాడు కలహించి వెడలిపోవచ్చును. నవ్వుటకు వచ్చినవానిని కలహము లేకుండ ఇంటికి పంపవలెను. హాస్యముయొక్క బలమును బలహీనతయు ఇందే యున్నవి. అది గుమ్మము వఱకు అందరిని చేర్చగలదు. గుమ్మము దాటించుట దాని చేత గాదు.

8. రెండు పేర్లు

చివరగా ఆ విద్యార్థిని ప్రశ్నకు మఱలుదము. చిత్రాంతమున మేరీకి మహాలక్ష్మి యను పేరు తిరిగివచ్చును. తెరమీద అది వేడుక. ఈ మైదానమున రెండు పేర్లు గలిగియుండుట ఎల్లరకును వేడుక గాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకే పరిమితము చేసినది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు చేర్చిరి; క్రైస్తవులను చేర్చలేదు. దీని ఫలముగ దేవాలయమున నొక పేరు, బడి పట్టికలో మఱియొక పేరు గల కుటుంబములు గుంటూరు, ప్రకాశము మండలములలో కలవు. ఆ యిండ్లలో పుట్టిన బిడ్డకు మేరీ మహాలక్ష్మి యగుట కథ గాదు, ఫారము నింపునపుడు వచ్చు చిక్కు. ఆ బిడ్డ 'మిస్సమ్మ'ను చూచి మనవలెనే నవ్వును. నవ్విన తరువాత ఆమె అడుగు ప్రశ్న మాత్రము మనకు తోచదు.

కావున మేము ఆనాడు చెప్పవలసియుండిన సమాధానమిది. మేరీ నిజముగ పాలు కూతురే యైనచో చట్టము ప్రకారము ఆ పెండ్లి జరిగియుండును; చిత్రమున మాత్రము జరిగియుండదు. రచయితకు మనస్సు లేకపోవుట దీనికి కారణము గాదు. అంతవఱకు నడిపించిన రచయితకు మేరీపట్ల ఆదరమున్నదని ప్రతి దృశ్యమును చెప్పుచున్నది. తన ప్రేక్షకుడు ఎంత దూరము నవ్వుచు నడువగలడో చక్రపాణి లెక్కవేసెను. ఆ లెక్క 1955 నాటికి సరియైనదని చిత్రవిజయము ఋజువు చేసినది. ఆ హద్దు మనదేగాని ఆయనది గాదు.

మేము ఈ సమాధానమును తరగతిలో తిరిగి చెప్పితిమి. ఆ విద్యార్థిని విని, "అయితే ఇప్పుడు తీస్తే ముగింపు మారుతుందా సార్?" అని అడిగెను. దానికి సమాధానము గ్రంథములలో లేదు. హాస్యానుసరణముల ముగింపులను పరిశోధింపగోరు యువకులు ఆ ప్రశ్నను తమ పరిశోధనకు మొదటి వాక్యముగ గ్రహింతురుగాక.